పసుపు కింద అంకె

ధనలక్ష్మి కోపం గురించి చీపురుపల్లి చుట్టుపక్కల చాలా కథలున్నాయి. పుట్టగానే ఆమె ఏడవలేదని, మంత్రసాని వంక కోరగా చూసిందని ఒకటి. బడికి పోయే వయసులో ప్యాసింజరు బండి ఆలస్యమైందని స్టేషను మాస్టరు గదిలోకి పోయి నిలదీస్తే, ఆ తరవాత నెల్లాళ్ళు ఆ బండి వేళకన్నా ముందే వచ్చి, ఆమె ఎక్కేదాకా కూత వేయడానికి కూడా జంకిందని ఇంకొకటి. ఆమె కోపంగా ఉన్న రోజున పొయ్యి వెలిగించక్కర్లేదు, ఎసరు గిన్నె ఆమె ముందు పెడితే చాలని సొంత అత్తగారే చెబుతుంది. వీటిలో బండి కథ ఒక్కటీ కొంచెం పెంచి చెప్పింది కావచ్చు.

ఆ కోపానికి ఆమె చేసే పని కూడా కొంత కారణం. ఊరికి ఆవల రైలు పట్టాల పక్కన, ఉక్కులో కలిపే లోహాన్ని కరిగించి తీసే ఫెర్రో కర్మాగారంలో ఆమెది మీటర్ల డిపార్టుమెంటు. వేడి ఎంత, ఒత్తిడి ఎంత, గాలిలో విషం ఎంత అని చెప్పే డబ్బాలన్నీ ఆమె చేతి కింద ఉంటాయి. మనుషులు అబద్ధం చెబితే ఆమె పెద్దగా పట్టించుకోదు, అది వాళ్ళ అలవాటు అనుకుంటుంది. మీటరు అబద్ధం చెబితే మాత్రం సహించలేదు. ఎందుకంటే మీటరు మాట నమ్మి మనుషులు గోతుల్లోకి దిగుతారు.

ఆ కర్మాగారంలో అన్నిటికన్నా ఎక్కువగా నమ్మవలసిన డబ్బా బ్యాగ్ హౌస్ బయటి గోడకి ఉంది. ఫర్నేసు పొగలోని బూడిదను గుడ్డ సంచుల్లో వడగట్టే పెద్ద షెడ్డు అది. ఫర్నేసులో కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పామైనా బుస కొడుతుంది, ఇది అదీ కొట్టదు. అందుకని ఆ గోడ మీది గ్యాస్ ఎనలైజర్ సన్నని గొట్టంతో షెడ్డులోని గాలిని పీలుస్తూ, అందులో విషం ఎంతుందో లెక్కగట్టి, ఆ అంకెను తీగ మీద కంట్రోల్ రూముకి పంపుతుంది. అంకె యాభై దాటితే సైరన్ మోగి ఫర్నేసు దానంతటదే ఆగిపోతుంది.

ఆ షెడ్డులో పనిచేసే కాంట్రాక్టు ఫిట్టర్లకి మేస్త్రి జగన్నాధం. ధనలక్ష్మి తల్లికి తోడబుట్టిన తమ్ముడు. ఆమెకి పలక పట్టించకముందే పానా పట్టించినవాడు. ఆమె తొలిసారి విప్పి మళ్ళీ బిగించలేకపోయిన వస్తువు ఆయన సైకిలే. ఆ మేనమామతో ఆమెకి ఏడాదిగా మాటలు లేవు.

తగువు విశ్వకర్మ పూజ దగ్గర వచ్చింది. ఒడిశా పక్కనే ఉండడం వల్లనో ఏమో, ఇక్కడి కర్మాగారాల్లో ఆ పూజ పెళ్ళిలా చేస్తారు. పీటల మీద కూర్చునేది ప్రతి యేడూ జగన్నాధమే. కిందటేడు ఆయన భక్తి కొంచెం ఎక్కువై, నిప్పుల మీద దోసెడు సాంబ్రాణి పోశాడు. ఆ బొగ్గుల పొగని ఎనలైజర్ పీల్చింది, యాభై దాటిందంది, సైరన్ మోగింది, ఫర్నేసు ఆగిపోయింది. ధనలక్ష్మి ఎర్ర బకెట్టుతో పరుగున వచ్చి ధూపం పళ్ళెంలో నీళ్ళు కుమ్మరించింది. సగం నీళ్ళు నిప్పుల మీద పడ్డాయి, మిగతా సగం విశ్వకర్మ పటం మీదా, జగన్నాధం పట్టుపంచె మీదా పడ్డాయి. ఆ పొగ విజయనగరం కోట దాకా కనిపించిందని చూసినవాళ్ళు చెప్పారు. అందరి ముందూ ఆయన తడిసిన పంచె పిండుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి పెళ్ళిళ్ళలో ఎదురుపడినా ఒకరికొకరు వీపులు చూపించుకున్నారు. మాట చెప్పవలసి వస్తే మధ్యలో మూడో మనిషిని నిలబెట్టి, అతనికి చెప్పేవారు. ఎవరూ దొరక్కపోతే గోడకి చెప్పేవారు.

ఈ ఏడు పూజ రోజున ధనలక్ష్మి సెలవు పెట్టి నరసన్నపేటలో అక్క ఇంటికి పోయింది. పూజ జోలికి మాత్రం పోవద్దని తల్లి ముందే ఒట్టు వేయించుకుంది.

మర్నాడు డ్యూటీకి వచ్చేసరికి కర్మాగారమంతా పెళ్ళికూతురిలా ఉంది. మోటార్లకి పసుపు, పంపులకి కుంకుమ, క్యాంటీను గ్రైండరుకి బంతిపూల దండ. పూజలో పెట్టిన బొట్టు ఎవరూ చెరపరు. వానకో చెమటకో దానంతటది పోవాలి. గోడ మీది ఎనలైజర్ తెరకి కూడా అడ్డంగా పసుపు మెత్తి, దాని మీద రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టారు. పసుపు ఎండి పెచ్చుకట్టింది. దాన్ని చూడగానే ఆమెకి నెత్తికెక్కింది గాని, తల్లికి వేసిన ఒట్టు గుర్తొచ్చి పళ్ళు కొరుక్కుంటూ కంట్రోల్ రూముకి పోయింది. అంకె ఎలాగూ అక్కడ కనిపిస్తుంది.

కంట్రోల్ రూములో ఆపరేటరు అప్పలసూరి ఉన్నాడు. అంకె నాలుగు అన్నాడు. ఆమె ముఖం కడుక్కుని వచ్చింది, నాలుగే. టీ తాగింది, నాలుగే. గ్రాఫు వెనక్కి తిప్పి చూసింది. పూజ నాటి పొద్దుటి నుంచి గీత కొలబద్ద పెట్టి గీసినట్టుంది.

"ఎంత బుద్ధిగా కూకున్నాదో సూడమ్మా," అన్నాడు అప్పలసూరి.

"బుద్ధిగా కూకునేది గ్యాసు కాదు సూరన్నా, సచ్చిన గొడ్డు. బతికున్నది కదుల్తాది."

ఇలాంటి మాట ఆమె ఇంతకుముందు చాలాసార్లు అంది. వారానికో మీటరు మీద అనుమానపడి అరవడం ఆమెకి మామూలే. అందులో సగం నిజమయ్యేది, సగం అయ్యేది కాదు. అందుకని అప్పలసూరి ఆవులించాడు.

ఆ పొద్దున్నే బ్యాగ్ హౌస్ అడుగున, బూడిదను లాగే మర ఇరుక్కుపోయింది. అది తిరగకపోతే బూడిద పేరుకుని ఫర్నేసు తగ్గించుకోవాలి. ఇంజనీరు మోహనకృష్ణ ఫిట్టర్లను కింది గొయ్యిలోకి దిగి మర విడిపించమన్నాడు. విజయనగరం టౌనువాడు, ఇస్త్రీ మడత చెడని మనిషి. గోతిలోకి తాడు కట్టి దించి చూసే చేతి మీటరు కర్మాగారం మొత్తానికి ఒకటే ఉంది. అది పాడై విశాఖపట్నం పోయింది. వచ్చేస్తుందని మోహనకృష్ణ అనడం మొదలుపెట్టి చాలా రోజులైంది.

ఎనలైజర్ సంగతి తేలేదాకా ఎవరినీ దించవద్దని ధనలక్ష్మి అతనికి అడ్డం నిలబడి చెప్పింది.

"అంకె కదిలితే ఎందుకు కదిలిందంటారు. కదలకపోతే ఎందుకు కదల్లేదంటారు," అన్నాడు మోహనకృష్ణ. "అసలు మీకు ఏ అంకె కావాలమ్మా?"

"నిజమైనది."

తలుపులు పొద్దుటి నుంచి తెరిచే ఉన్నాయని, పంకా తిరుగుతోందని, ఫర్నేసు పొగని ఇటు రానివ్వని డాంపరు రేకు మూసే ఉందని, మనుషులు సామాను సర్దుకునేలోగా ఆమె అనుమానం ఆమె తీర్చుకోవచ్చని అతను చెప్పి వెళ్ళిపోయాడు. ఆమె వెనకనుంచి అన్న మాట ఇక్కడ రాయదగింది కాదు. అది విని కిటికీ మీది పావురం గుడ్డు పెట్టేసిందని అప్పలసూరి ఇప్పటికీ చెబుతాడు.

ఆమె ముందు కంప్యూటరు మీద పడింది. దాని వెనక తీగ ఊడపీకింది. తెర మీద అంకె పోయి, సిగ్నల్ లేదని ఎర్రగా వెలిగింది. మళ్ళీ పెడితే నాలుగు వచ్చింది. అంటే కంప్యూటరు తప్పు లేదు, తీగ మీద ఏది వస్తే అదే చూపిస్తోంది. తరవాత కేబుల్ మీద పడింది. దారి పొడుగునా మూతలు విప్పుకుంటూ, ఎలుకల వంశాన్ని పైనుంచి కిందిదాకా తిట్టుకుంటూ షెడ్డు దాకా వచ్చింది. ఎక్కడా పంటి గాటు లేదు. ఎనలైజర్ కింది పెట్టె తెరిచి మల్టీమీటర్ పెట్టి చూసింది. తీగలో కరెంటు నాలుగు మిల్లీ ఆంపియర్లకి వెంట్రుకవాసి పైన నిలకడగా ఉంది. కంట్రోల్ రూములో కనిపించే అంకెకి సరిగ్గా సరిపోయింది. ఎలుకలు నిర్దోషులు. ఈ కదలని మాట పుడుతున్నది డబ్బాలోనే.

గాలి పీల్చే గొట్టం పూడిపోయిందేమో అనుకుంది. గాజు గొట్టంలో చిన్న గుండు తేలుతోంది, గాలి బాగానే నడుస్తోంది. ఇక మిగిలింది టెస్ట్ గ్యాసు. తెలిసినంత విషం కలిపి సిలిండరులో పట్టిన గాలి అది. అది పీలిస్తే ఎనలైజర్ నూరు చూపించాలి. అప్పలసూరికి ఫోను చేసి, సైరన్ మోగుతుంది, ఫర్నేసు ఆగుతుంది, ఆగనీ అని చెప్పి సిలిండరు తిప్పింది.

ఒక నిమిషం గడిచింది. సైరన్ లేదు.

"ఎంత సూరన్నా?"

"నాలుగే."

"సరిగ్గా సూడు."

"కళ్ళజోడు తుడుసుకుని మరీ సూత్తన్నానమ్మా. నాలుగే." ఈసారి అతను ఆవులించలేదు.

షెడ్డు తలుపు దగ్గర జగన్నాధం నడుముకి తాడు కట్టుకుంటున్నాడు. నూతిలోకి దిగేటప్పుడు ఊళ్ళో కట్టుకునే పద్ధతి. గొయ్యి ఏదైనా ముందు మేస్త్రి దిగాలి, తరవాతే కుర్రాళ్ళు అనేది ఆయన నియమం. ధనలక్ష్మి అటు తిరిగి, ఆయనతో కాకుండా తాడు పట్టుకున్న ఫిట్టర్లతో, మోగాల్సిన సైరన్ మోగలేదు, ఆ మనిషిని దిగొద్దని చెప్పండి అంది.

జగన్నాధం కూడా వాళ్ళకే చెప్పాడు. "ఆయమ్మకి సెప్పండ్రా. ఏటేటా మా పని సెడగొట్టడం ఆయమ్మకి సరదా. కిందటేడు నీళ్ళోసింది, ఈయేడు గాలి మీద పడింది."

"సావడానికి అంత తొందరేటని అడగండి ఆ పెద్దమనిసిని."

"తలుపులు తీసున్నాయి, పంకా తిరుగుతన్నాది. నాను ఈ గోతిలో దిగడం నేర్సినప్పటికి ఆయమ్మ లాగు ఏసుకోడం నేర్సలేదని సెప్పండి."

ఫిట్టర్లు ఇద్దరి మధ్యా ఇటూ అటూ తలలు తిప్పుతున్నారు. ధనలక్ష్మికి మోహనకృష్ణ మీద, మేనమామ మీద, అన్నిటికీ మించి తన మీద మండిపోయింది. తను రోజూ అరిచేది కాబట్టి ఈ రోజు అరుపుకి విలువ లేదు. వీళ్ళు ఆమె మాట నమ్మరు. అంకె చూపిస్తే నమ్ముతారు. ఆ అంకె తెర మీద, పసుపు కింద ఉంది. పొద్దున్నే చూడవలసింది. ఊరందరి మీదా విరుచుకుపడే మనిషి, ఒక్క పసుపు పెచ్చుకి జంకి, లోకంలోని తీగలన్నీ పట్టుకు తిరిగింది.

ఆమె జేబులోంచి దూది పీచు తీసి తెర మీద పెట్టింది.

"ఒసే గుంటా."

ఏడాది తరవాత జగన్నాధం నేరుగా ఆమెతో అన్న మొదటి మాట అది, చిన్నప్పుడు పిల్లా అని పిలిచినట్టు. ఆమె చెయ్యి ఆగింది.

"బొట్టు సెరిపేత్తావేటే? లోపలికి ఎల్తన్నది నాను."

ఆ మాటకి ఫిట్టర్లు కూడా ముఖాలు దించుకున్నారు. మనిషి గోతిలోకి దిగే వేళ పూజ బొట్టు చెరపడమంటే ఏమిటో అక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంటి దగ్గర ఆయన పెళ్ళాం నుదుటి మీద బొట్టుతో వంట చేస్తూ ఉంటుంది. ఆ ముఖం ధనలక్ష్మికి కళ్ళ ముందు కనిపించింది. ఆమె జంకడం చూసి జగన్నాధం తాను గెలిచాననుకున్నాడు. తాడు సర్దుకుని, నిచ్చెన మీద కాలు పెట్టి, గోతిలోకి దిగిపోయాడు.

అప్పుడు ఆమె తుడిచింది. పసుపు రాలేదు. ఉమ్మి వేసి తుడిచింది. గోటితో గీకింది. బొట్టు దూదికి అంటుకుని ఎర్రగా సాగింది. దాని కింద అంకె బయటపడింది. నూరు. డబ్బా టెస్ట్ గ్యాసును సరిగ్గానే చూస్తోంది. ఆమె సిలిండరు కట్టేసింది. మళ్ళీ షెడ్డు గాలి గొట్టంలోకి వచ్చింది. అంకె ఇప్పుడు సున్నా వైపు దిగాలి.

దిగలేదు. నూట ఇరవై అయింది. రెండు వందలు దాటింది. మూడు వందల పైన ఊగుతూ నిలబడింది. డాంపరు సరిగ్గా మూసుకోలేదు, ఫర్నేసు గ్యాసు సందులోంచి కారి వస్తోంది. గొట్టం గొయ్యి పైనే ఉంది. కింద ఇంకెంతుందో.

తెర మూల, ఇంతదాకా బొట్టు ఉన్న చోట, చిన్న 'హెచ్' అక్షరం ఉంది. హోల్డ్. ఎనలైజర్‌ని బాగుచేసేటప్పుడు సైరన్ మోగి ఫర్నేసు ఆగకుండా, ఆ క్షణంలో ఉన్న అంకెనే కంట్రోల్ రూముకి పంపుతూ ఉండమని చెప్పే బొత్తాం. పని అవగానే మళ్ళీ నొక్కి తీసేయాలి. ఎవరో నొక్కారు. తీయలేదు.

 ఆమె బొత్తాన్ని పిడికిలితో గుద్దింది.

సైరన్ మోగింది. పొందూరులో రాట్నాలు ఆగిపోయాయని చెప్పుకునేంతగా మోగింది. ఫర్నేసు మూలుగుతూ ఆగింది. ధనలక్ష్మి మాట వినని ఫిట్టర్లు సైరన్ మాట విన్నారు. తాడు లాగండిరా అని ఆమె అరిచేలోపే లాగడం మొదలుపెట్టారు. నూతిలోంచి చేదలా జగన్నాధం పైకి వచ్చాడు. కాళ్ళు నిచ్చెన మెట్లకి కొట్టుకుంటున్నాయి, కళ్ళు తెరిచే ఉన్నాయి గాని దేన్నీ చూడడం లేదు. గాలిలోకి ఈడ్చి పడుకోబెట్టారు. కాసేపటికి కక్కుకున్నాడు. ఆ శబ్దం విని ధనలక్ష్మి గోడకి చేరగిలబడింది. 

మోహనకృష్ణ పరుగున వచ్చాడు. ఫర్నేసు ఎందుకు ఆగిందనేది అతని మొదటి ప్రశ్న. ఆమె తెర చూపించింది, అక్షరం ఎక్కడుండేదో చూపించింది. ఇది ఎవరు నొక్కారు అనేది రెండో ప్రశ్న.

కింద పడుకున్న మనిషి చెయ్యెత్తాడు. "నానే. సాంబ్రాణి ఏసినప్పుడు ఆ గుంట డబ్బా మళ్ళీ ఏడుస్తాదని. ఆ గుంట బాగుసేసినప్పుడల్లా అదే నొక్కేది, సూసినాను. తియ్యాలని తెలీదు."

ధనలక్ష్మి ఆయన పక్కన కూలబడి చొక్కా పట్టుకుంది. "ఒక్క మాట అడగలేకపోనావా మావా? నొక్కనా అని ఒక్క మాట?"

"అడగాలంటే నీతో మాటాడాల గదే," అన్నాడు జగన్నాధం.

ఆమె చొక్కా వదిలేసింది. ఆ కోపం ఇంకెవరి మీదికైనా పోవలసిందే. ఆ సమయానికి మోహనకృష్ణ, కాంట్రాక్టు మనిషి మీటరు ముట్టుకున్నాడు కాబట్టి రేపటి నుంచి గేటు లోపలికి రానివ్వనని అంటున్నాడు.

ఆమె లేచి నిలబడింది. ఈసారి అరవలేదు. అక్కడున్నవాళ్ళు అందుకే ఎక్కువ భయపడ్డారు. ఆయన చేసింది తప్పే, ఆ సంగతి పెద్ద మేనేజరుకి నేనే చెబుతాను అంది. దాంతోపాటు చేతి మీటరు ఎన్నాళ్ళ నుంచి లేదో, ఆ బొత్తానికి తాళం కోడ్ పెట్టనివ్వమని తను ఎన్నిసార్లు అడిగిందో, దించొద్దని తను అడ్డం నిలబడితే దించమన్నది ఎవరో కూడా చెబుతానంది. అక్కడ పదిమంది ఫిట్టర్లున్నారు. మోహనకృష్ణ వాళ్ళ ముఖాలు చూశాడు. ముందు ఆస్పత్రికి తీసుకుపోదాం, మిగతాది తరవాత అన్నాడు. తన ఇస్త్రీ మడత చెడినా ఫరవాలేదన్నట్టు జీపు తనే నడిపాడు.

చీపురుపల్లి ఆస్పత్రిలో జగన్నాధం ముఖానికి మాస్కు పెట్టి ఆక్సిజన్ ఎక్కించారు. సాయంత్రానికి పెదవుల రంగు తిరిగింది. గండం గడిచిందని, అయినా రేపటిదాకా మాస్కు తీయకూడదని డాక్టరు చెప్పాడు. ఆయన పెళ్ళాం వచ్చి, మొగుడి నుదురు తడిమి, ఏడ్చి, టీ కోసం బయటికి పోయింది. ధనలక్ష్మి ఇనుప కుర్చీ మంచం దగ్గరికి లాక్కుంది.

మొదలుపెట్టింది. బొత్తాం దగ్గర మొదలుపెట్టి, గోతిలోకి దిగడం మీదికి వచ్చి, అక్కడినుంచి కిందటేటి సాంబ్రాణి దాకా పోయింది. దోసెడు సాంబ్రాణి ఎవడైనా పోస్తాడా అని అడిగింది. అక్క కొడుకు అన్నప్రాసనకి వీపు చూపించి కూర్చున్నందుకు వేరుగా తిట్టింది.  పోనుపోను ఇంకా గట్టిగా తిట్టింది. పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు.

జగన్నాధానికి చెప్పవలసిన జవాబులు చాలా ఉన్నాయి. తడిసిన పట్టుపంచె ఒక్కదాని మీదే గంట సేపు మాట్లాడగలడు. మాస్కు పక్కకి లాగాడు.

"అది గాదే గుంటా, ఆ పంచె..."

నర్సు వచ్చి మాస్కు మళ్ళీ పెట్టి, ఇంకోసారి తీస్తే చేతులు కట్టేస్తానంది. ఆయన ధనలక్ష్మి వంక చూశాడు. ఆమె కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది.

"నోరు మూసుకుని ఊపిరి పీల్సు మావా," అంది. "నా మాట ఇంకా సగం కూడా అవలేదు."